ఆటలమ్మ ఎక్కడికి పోయినది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఒక గ్రామము తన గ్రంథాలయమును 25 సంవత్సరములు నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. బీరువాలు కొనుట సులభము. వాని తలుపులు ప్రతిదినము తెరచువారు దొరకుట కష్టము. అట్టివారు ఈ ఊరిలో ఇన్నియేండ్లుగా దొరకుచున్నారు. ఈ శుభసమయమున మాటలాడుటకు నన్ను పిలిచినందులకు కార్యదర్శిగారికి నా కృతజ్ఞత తెలుపుకొనుచున్నాను. నేను సాహిత్యవేత్తను కాను. ముప్పదియేండ్లకు పైగా పల్లెలలో వైద్యము చేసి విశ్రాంతి పొందినవాడను. కావున నాకు పరిచయమైన విషయమునే తమ ముందు మనవి చేసెదను.

మీలో ఆటలమ్మ పోయనివారు కొద్దిమందియే యుందురు. పిల్లవానికి జ్వరము తగులును. ఒంటినిండ నీటిపొక్కులు లేచును. వేపమండలు పరచి పడుకోబెట్టుదుము. ఇతరులను దగ్గరకు రానీయము. పది పదునైదు దినములలో పొక్కులు మాడి పెచ్చులు రాలును. తలకు నీళ్లు పోసి, చలిమిడి పంచి, 'అమ్మవారు దిగిపోయినది' అని తృప్తిపడుదుము. ఈనాడు నేను అడుగదలచిన ప్రశ్న ఒక్కటియే. ఆ దిగిపోయినది ఎక్కడికి పోయినది?

దీనికి వైద్యశాస్త్రము చెప్పు సమాధానము వినినచో మొదట ఆశ్చర్యము కలుగును. అది ఎక్కడికిని పోలేదు. ఆ పిల్లవానిలోనే యున్నది. అతడు పెరిగి, పెండ్లియాడి, మనుమలను ఎత్తినను అతనిలోనే యుండును. దేహముతోగాని పోదు.

ఈ మాట నేను పుస్తకములలో చదువుకొన్నదే. కాని దాని బరువు నాకు తెలిసినది మా మేనత్త వలన. నన్ను పెంచినది ఆమెయే. 1998లో నేను వేరొక జిల్లాలో పనిచేయుచుండగా, అరువదియేడేండ్ల వయస్సున ఆమెకు ఎడమ ప్రక్కన వీపు నుండి పొట్ట మీదికి మంట పుట్టినది. రెండు దినములకు ఎఱ్ఱని పట్టీవలె పొక్కులు లేచినవి. చూచిన వారందరును అది సర్పి యనిరి. 'పాము చుట్టుకొనుచున్నది, తల వచ్చి తోకను కలసినచో మనిషి దక్కదు' అని భయపడిరి. కావిమట్టి పూసిరి, మంత్రము వేయించిరి. దూరమున నున్న వానికి బెంగ యెందుకని నాకు కబురు చేయలేదు. నాకు తెలిసి నేను వచ్చుసరికి పదునెనిమిది దినములు గడచినవి. పొక్కులు ఎండిపోయినవి. ఆమె నన్ను చూచి, 'తల తోకను కలవలేదురా నాయనా, గండం గడిచింది' అని నవ్వినది.

గండము గడచిన మాట నిజమే. కాని మంట పోలేదు. చీర చెంగు తగిలినను ఓర్వలేకపోయెడిది. రాత్రులు కూర్చుండి తెల్లవార్చెడిది. ఆ బాధతోనే నాలుగేండ్లు బ్రతికి కన్ను మూసినది. అప్పటికే మన పట్టణములలోని మందుల దుకాణములలో ఆ వ్యాధికి తగిన మాత్రలు దొరకుచుండెను. మొదటి మూడు దినములలో పడవలసిన మందు పడలేదు. నేను వైద్యుడనై యుండియు ఆమెకు అక్కరకు రాలేదు.

ఇంకొక సంగతి కూడ ఆ దినములలో జరిగినది. మా అత్తయ్య రోజును ఎత్తుకొని ఆడించు పొరుగింటి పసివానికి, ఆమెకు సర్పి లేచిన రెండు వారములకు ఆటలమ్మ పోసినది. ఊరిలో మరెవ్వరికిని అప్పుడు ఆటలమ్మ లేదు. ఇది ఎట్లు వచ్చినదో వారికి తెలియలేదు. నాకు తెలిసినది. ఆ పసివానికి వచ్చిన ఆటలమ్మ మా అత్తయ్య నడుము మీది సర్పి నుండియే వచ్చినది.

సర్పియు ఆటలమ్మయు రెండు వ్యాధులు కావు. ఒకే వైరసు చేయు రెండు పనులు. దీనిని కనుగొన్న కథ విన దగినది. పందొమ్మిదవ శతాబ్ది చివర బుడాపెస్టు నగరమున బోకాయి అను శిశువైద్యుడు మా పొరుగింటి వింతనే గమనించెను. ఇంటిలో పెద్దవారికి సర్పి వచ్చిన కొద్ది దినములకు పిల్లలకు ఆటలమ్మ వచ్చుచున్నది. ఈ రెంటికిని సంబంధము ఉండవచ్చునని ఆయన వ్రాసెను. 1950 ప్రాంతపు దశకములో అమెరికాలో థామస్ వెల్లర్ అను శాస్త్రజ్ఞుడు రెండు వ్యాధుల పొక్కుల నుండియు వైరసును తీసి, ప్రయోగశాలలో పెంచి, రెండును ఒక్కటియేనని చూపెను. పోలియో వైరసును అట్లు పెంచిన పనికిగాను 1954లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఆయన ఒకడు.

వైరసు ఒక్కటియే అని తేలినది. కాని పెద్దవారికి అది ఎక్కడి నుండి వచ్చుచున్నది? బయటి నుండి క్రొత్తగా అంటుచున్నదా? లోపలనే యుండి లేచుచున్నదా? ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు ఒక పల్లెటూరి వైద్యుడు. ఇంగ్లండులో సైరన్‌సెస్టర్ అను చిన్న పట్టణమున ఎడ్గార్ హోప్-సింప్సన్ అను ఆయన సామాన్య వైద్యము చేయుచుండెను. ఆయన చేతిక్రింద సుమారు 3500 మంది జనము. వారిలో ఎవ్వరికి సర్పి వచ్చినను పేరు, వయస్సు, తేది, ఒంటిమీద చోటు వ్రాసి పెట్టుకొనెను. 1947 నుండి 1962 వరకు 16 సంవత్సరములు వ్రాయగా 192 మంది లెక్కకు వచ్చిరి. ఆయన వాడిన ముఖ్యమైన పరికరము కలము, కాగితము, ఓపిక.

ఆ లెక్కలు ఏమి చెప్పినవి? ఆటలమ్మ ఊరిలో చెలరేగినప్పుడు సర్పి చెలరేగుట లేదు. ఋతువును బట్టి వచ్చుట లేదు. వయస్సును బట్టి వచ్చుచున్నది. పిల్లలలో అరుదు, ఏబది దాటిన పిమ్మట హెచ్చు, ముదుసలులలో మరింత హెచ్చు. 85 ఏండ్లు బ్రతికినవారిలో సగముమందికి ఒకసారియైనను ఇది వచ్చియుండునని ఆయన అంచనా కట్టెను. బయటి నుండి అంటు వ్యాధి ఇట్లు నడువదు. కావున చిన్ననాడు పోసిన ఆటలమ్మ వైరసు నరముల మూలములలో దాగియుండి, దేహపు కావలి సడలినప్పుడు తిరిగి లేచుచున్నదని 1965లో ఆయన ప్రకటించెను. తరువాతి వారు ఆ ఊహను రుజువు చేసిరి. 1983లో మరణించినవారి నరపు ముడులలో ఈ వైరసు యొక్క డి.ఎన్.ఏ. కనబడినది. 1984లో ఒకే రోగికి మొదట వచ్చిన ఆటలమ్మ నుండియు, తరువాత లేచిన సర్పి నుండియు తీసిన వైరసులను పోల్చి చూడగా అవి ఒక్కటియే యని తేలినది.

ఇప్పుడు అది దాగు విధమును చూతము. ఆటలమ్మ వైరసు ఊపిరితో లోపల ప్రవేశించును. పది మొదలు ఇరువదియొక్క దినములలో చర్మమున పొక్కులు పుట్టించును. మన చర్మమునకు స్పర్శజ్ఞానము కలిగించు సన్నని నరపు పోగులు ఆ పొక్కుల అడుగునకే వచ్చి ముగియును. వైరసు ఆ పోగులను దారిగా చేసికొని వెనుకకు ప్రాకి, వెన్నెముక ప్రక్కనుండు నరపు ముడులను చేరును. అచ్చటి కణముల కేంద్రములో తన డి.ఎన్.ఏ.ను చుట్టగా చుట్టిపెట్టి ఊరకుండును. పొక్కులు మాడిపోవును; చర్మము బాగుపడును; లోపల దాగినది దాగియే యుండును.

మన దేహమునకు కావలివారు లేరా యని మీరు అడుగవచ్చును. ఉన్నారు. రక్తములో తిరుగు తెల్ల కణములు ఇంటింటి తలుపు తట్టి చూచు తలారుల వంటివి. ఏ కణములోనైనను వైరసు పని మొదలు పెట్టినచో, అది తయారు చేయు మాంసకృత్తుల తునుకలు ఆ కణము పైపొరమీదికి వచ్చును. తలారి ఆ తునుకను గుర్తుపట్టి ఆ కణమును నాశనము చేయును. జలుబు మొదలైనవి కొలది దినములలో తగ్గిపోవుట ఇందువలననే.

మరి ఈ వైరసును ఏల పట్టలేకున్నారు? ఈ గ్రంథాలయమునే ఉదాహరణముగా తీసుకొందము. ఒకడు ఇక్కడ కూర్చుండి పుస్తకమును బిగ్గరగా చదువుచున్నచో వీధిలో పోవువానికి కూడ వినబడును. ఆ పుస్తకమునే బీరువాలో పెట్టి తాళము వేసినచో ఎవ్వరికిని వినబడదు. పుస్తకములోని ఒక్క అక్షరమును చెడలేదు. చదువు ఆగినది, అంతియే. వైరసు యొక్క డి.ఎన్.ఏ. అట్టి పుస్తకము. నరపు కణములో అది తెరువబడక యుండును. చదువనందున మాంసకృత్తులు తయారు కావు. తయారు కానందున కణము పైన గుర్తు కనబడదు. గుర్తు లేనందున తలారి దాటిపోవును. మందులకును ఇదే చిక్కు. ఇప్పుడున్న మందులు వైరసు తన్ను తాను నకలు వ్రాసికొను పనిని అడ్డగించును. నకలు వ్రాయక నిద్రించు దానిని అవి ఏమియు చేయజాలవు.

వైరసు ఎంచుకొన్న చోటు కూడ దానికి అనుకూలమైనదే. చర్మపు కణములు రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. నరపు కణములు అట్లు కావు. ఇంచుమించుగా మనతో పుట్టి మనతో పోవును. దానిలో దాగినవానికి ఇల్లు ఖాళీ చేయవలసిన పని లేదు. పైగా నరపు కణమును చంపినచో దాని స్థానమున మరియొకటి రాదు. కావున దేహము అచ్చట కఠినముగా పోరాడదు. దొంగను పట్టుటకు ఇల్లు తగులబెట్టదు. వైరసు కొద్దిగా కదలినప్పుడెల్ల తెల్ల కణములు దానిని అణచుచు కాపలా కాయుచుండును. ఈ కాపలా బలముగా నున్నంత కాలము మనకు దాని ఊసే తెలియదు.

వయస్సు మీదపడినప్పుడు, క్యాన్సరు మొదలైన వ్యాధులలో, ఎయిడ్సు వైరసు సోకి చికిత్స లేనప్పుడు, మూత్రపిండము మార్చినవారు వాడు మందుల వలన ఈ కాపలా సడలును. అప్పుడు ఒక ముడిలోని వైరసు లేచి, వచ్చిన దారినే వెనుకకు నడచి, ఆ నరము ఏలు చర్మము మీద పొక్కులు లేపును. వెన్నుపాము నుండి 31 జతల నరములు బయలుదేరును. జతలో ఒకటి కుడివైపునకు, ఒకటి ఎడమవైపునకు పోవును. ఎడమ నరము ఎడమ భాగమును మాత్రమే ఏలును. వీపు మధ్యనుండి పొట్ట మధ్య వరకు వచ్చి ఆగును. సర్పి పట్టీవలె ఒకవైపునే లేచుటకు ఇదియే కారణము.

ఇప్పుడు మా ఊరివారి భయమునకు సమాధానము దొరకినది. పాము తల తోకను కలియక పోవుట గండము గడచుట కాదు. ఒక నరము మీద లేచిన పొక్కులు నడిమి గీత దాటి చుట్టు తిరుగవు. మన పెద్దలు చూచినది నిజమే. ఆ పట్టీ పామువలెనే యుండును. కాని దానికి వారు కల్పించుకొన్న అర్థము వలన మనవారు చూడరాని దానిని చూచుచు కూర్చుండిరి. తల తోకను కలియునా యని దినములు లెక్కించిరి. లెక్కింపవలసినవి మందు పడవలసిన మూడు దినములు.

లోకములో కొన్ని వైరసులు ఇట్లు దాగవు. మశూచి యట్టిది. ఆ రోగి మరణించినచో వైరసు అతనితో పోవును. బ్రతికినచో పూర్తిగా దేహమును విడచును. వెనుక మిగులునది మచ్చలు మాత్రమే. అందువలననే రోగిని వెదకి, అతని చుట్టుప్రక్కల వారికి టీకాలు వేసి దానిని నిర్మూలింప గలిగిరి. మన దేశమున కడపటి మశూచి రోగి 1975లో కనబడెను. 1980లో ప్రపంచమే ఆ పీడ నుండి విముక్తమైనదని ప్రకటించిరి. మన పూర్వులు ఒకే కుటుంబపు అమ్మవారులుగా భావించిన పెద్దమ్మవారు భూమి మీద నుండి పోయినది, ఆటలమ్మ పోలేదు. పెద్దమ్మవారికి దాగుకొను చోటు లేదు. ఆటలమ్మకు ప్రతి మనుష్యుని వెన్నెముక ప్రక్కనను చోటున్నది.

దాగుట వలన వైరసునకు ఏమి లాభమని యడిగినచో, చిన్న దీవులు జవాబు చెప్పును. తట్టు వైరసు దాగదు. అది నిరంతరము నిలుచుటకు కొన్ని లక్షల జనము ఒకచోట కావలెను. చిన్న దీవిలో ప్రవేశించినచో అందరికిని వచ్చిపోయి, క్రొత్త పిల్లలు పుట్టకమునుపే అంతరించును. ఆటలమ్మ అట్లు కాదు. వేయిమంది లేని దీవిలో కూడ అది తరతరములు నిలువగలదు. తాతకు వచ్చిన ఆటలమ్మ అరువదియేండ్లు నిద్రించి, సర్పియై లేచి, అప్పుడే పుట్టిన మనుమనికి ఆటలమ్మయై అంటుకొనును. హోప్-సింప్సన్ ఇందుకొరకే స్కాట్లండునకు ఉత్తరమున షెట్లాండ్ దీవులలోని యెల్ అను దీవికి పోయి అచ్చటి కుటుంబములను పరిశీలించెను. జనము చెదరి చిన్న చిన్న గుంపులుగా బ్రతికిన ఆదికాలమున కూడ ఈ వైరసు నిలుచుటకు ఈ ఉపాయమే కారణమై యుండునని పండితుల అభిప్రాయము.

ఇట్లు నిలిచిపోవు వైరసులు మరికొన్ని కలవు. అన్నియు ఒకే చోట దాగవు. పెదవి అంచున జ్వరపు పొక్కులు లేపు వైరసు ముఖపు నరముల ముడిలో దాగును. 1964లో కనుగొనబడిన ఎప్‌స్టీన్-బార్ వైరసు రక్తములోని తెల్ల కణములలోనే, అనగా తలారుల ఇంటిలోనే కాపురముండును. కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వైరసు కాలేయ కణముల కేంద్రములో చిన్న చుట్టవలె నిలుచును. ఎయిడ్సునకు మూలమైన వైరసు అంతకంటె గడుసుది. అది తన అక్షరములను మన కణముల డి.ఎన్.ఏ.లోనే కలిపి కుట్టివేయును. అనగా బీరువాలో వేరు పుస్తకమును దాచుట కాదు, మన ఇంటి రామాయణములోనే తన పుటలు చేర్చి కట్టించుట. ఏ పుట దానిదో విడదీసి తీయుట నేటికిని సామాన్య చికిత్సకు సాధ్యము కాలేదు. కాని ప్రతిదినము మాత్రలు వేసికొన్నచో అది అణగియుండును. రక్తపరీక్షలో వైరసు కనబడనంతగా అణగినవారు దాంపత్యము వలన ఇతరులకు దానిని అంటింపరు. వారు అందరివలె బ్రతికి, పనిచేసి, వృద్ధులగుచున్నారు.

దాగు చోటు లేనిచో ఏమగునో చూపుటకు హెపటైటిస్-సి మంచి సాక్షి. అదియు ఏండ్ల తరబడి కాలేయమున నుండును. అయినను అది కణకేంద్రములో దాగదు. ఎల్లప్పుడు నకళ్లు వ్రాయుచునే బ్రతుకవలెను. కావున నకలు వ్రాయు పనిని మందులతో ఆపగా అది సమూలముగా నశించుచున్నది. ఇప్పుడు సుమారు మూడు నెలలు మాత్రలు వేసికొన్న రోగులలో నూటికి తొంబదియైదుగురు పూర్తిగా నయమగుచున్నారు.

హెపటైటిస్-బి విషయములో తల్లిదండ్రులందరు తెలిసికొనవలసిన సత్యమొకటి యున్నది. అది పెద్దవానికి సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా దానిని వెడలగొట్టుదురు. పుట్టినప్పుడే తల్లి నుండి సోకిన శిశువులలో నూటికి తొంబదిమందికి అది జీవితాంతము నిలిచిపోవును. శిశువు దేహము ఇంకను తనవారెవరో పరవారెవరో నేర్చుకొనుచుండును. ఆ సమయమున వచ్చినవాడు ఇంటివాడుగా చెల్లిపోవును. నలుబది ఏబది ఏండ్లకు కాలేయము చెడినప్పుడు గాని సంగతి బయటపడదు. అందువలననే పుట్టిన 24 గంటలలో ఆ టీకా వేయవలెనని చెప్పుట. ఈ వైరసు గుర్తును కనుగొన్న బ్లూంబర్గునకు 1976లో నోబెల్ బహుమానము లభించినది. మనకు గర్వకారణమైన విషయము, ఈ టీకాను క్రొత్త పద్ధతిలో మన దేశమున మొట్టమొదట తయారు చేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్సు సంస్థ. ఆ పిమ్మట దాని వెల సామాన్యునకు అందుబాటులోనికి వచ్చినది. 2011 నుండి ప్రభుత్వము దేశమంతటను పిల్లలకు ఉచితముగా ఇచ్చుచున్నది.

సోదరులారా! వైరసును వెడలగొట్టలేము గదా, ఇక వైద్యము దేనికని నిరాశ పడవలదు. ఇంటిలో పామున్నదని తెలిసినవాడు ఇల్లు విడచి పోడు. దీపము పెట్టుకొని తిరుగును. మన చేతిలో నున్న దీపములు ఏవో చెప్పి ముగించెదను.

ఏబది దాటినవారికి ఒంటికి ఒకవైపున కారణము తెలియని మంటగాని, పోటుగాని కలిగి, పిమ్మట పట్టీవలె నీటిపొక్కులు లేచినచో ఆ దినమే వైద్యుని చూడవలెను. అసైక్లోవిర్ మొదలైన మందులు పొక్కులు లేచిన 72 గంటలలో మొదలుపెట్టినచో మంచి గుణము ఇచ్చును. ఆ మందు పుట్టిన పరిశోధనకు మూలస్తంభము గెర్‌ట్రూడ్ ఎలియన్ అను స్త్రీ. ఆమె 1988లో నోబెల్ బహుమానము పంచుకొన్నది. మూడు దినములు దాటినవని మానుకొనవలదు. అప్పుడును వైద్యుని సలహా తీసుకొనవలెను. నుదుటిమీదగాని, కంటి దగ్గరగాని, ముక్కు కొనమీదగాని పొక్కు కనబడినచో ఒక్క గంటయు ఆలస్యము చేయక కంటి వైద్యుని యొద్దకు పోవలెను. చూపే పోవు ప్రమాదము కలదు.

పచ్చిపొక్కుల మీద మట్టి, ఆకుపసరు పూయరాదు. వాని ద్వారా ఇతర సూక్ష్మజీవులు ప్రవేశించి పుండ్లు పడును. మంత్రము వేయించుకొనుటను నేను నిందింపను. ధైర్యము కలిగినచో మంచిదే. కాని మందు వేసికొని పిమ్మట మంత్రము వేయించుకొనుడు. పొక్కులను శుభ్రమైన గుడ్డతో కప్పి, పెచ్చులు కట్టువరకు పసిపిల్లలను, ఇదివరకు ఆటలమ్మ పోయని గర్భిణీ స్త్రీలను, రోగులై బలహీనులైన వారిని తాకకుండిన చాలును. సర్పి వచ్చినవారి నుండి సర్పి ఎవ్వరికిని అంటదు. ఆటలమ్మ పోయనివారికి ఆటలమ్మ అంటును. అంతమాత్రమునకు వారిని పశువులకొట్టములో పడవేయ పనిలేదు. ఆటలమ్మ పోసిన పిల్లలకు జ్వరము తగ్గుటకని ఆస్పిరిన్ మాత్ర ఇయ్యరాదు. వైద్యుని అడుగవలెను.

ఆటలమ్మ రాకుండ టీకా కలదు. జపానుదేశమున తకహాషి అను వైద్యుడు 1974లో దానిని లోకమునకు తెలిపెను. తన కుమారుడు ఆటలమ్మతో పడిన బాధ కన్నులార చూచి ఆయన ఆ పనికి పూనుకొనెను. సర్పి రాకుండ ఏబది దాటినవారికి రెండు మోతాదులుగా వేయు వేరొక టీకా మన దేశములోను లభించుచున్నది. వెల ఎక్కువయే, అయినను శక్తిగల పిల్లలు తమ తల్లిదండ్రులకు ఏమి పెట్టవలెనా యని ఆలోచించునప్పుడు దీనిని కూడ తలచుకొనుట మంచిది.

చివరగా ఒక్క మాట. హెపటైటిస్-బి గాని, ఎయిడ్సు వైరసు గాని తమలో నున్నవని తెలిసినవారు మన ఊళ్లలో నోరు విప్పరు. పెండ్లిండ్లు చెడునని, కూలి దొరకదని, నలుగురు వేలెత్తి చూపుదురని భయము. ఆ భయమువలన పరీక్షకు పోరు, మందు వాడరు. వైరసునకు కావలసినది కూడ ఆ మౌనమే. వారిని వేరుగా చూచు మనము ఒక సంగతి మరువరాదు. ఈ సభలో కూర్చున్న మనలో ఇంచుమించు ప్రతివాని వెన్నెముక ప్రక్కనను చిన్ననాటి ఆటలమ్మ నిద్రించుచునే యున్నది. నా లోపలను ఉన్నది, అధ్యక్షులవారి లోపలను ఉన్నది. జీవితాంతము వైరసును మోయుట కొందరి పాపము కాదు, అందరి దేహధర్మము. ఎవరి వైరసు ఎప్పుడు లేచునో, దానికి ఏ మందు ఎప్పుడు పడవలెనో తెలిసికొని మెలగుటయే మన చేతిలో నున్న పని.

మా మేనత్తకు చదువు రాదు. ఆనాడు ఆ ఊరిలో గ్రంథాలయము లేదు. సర్పి లేచిన మొదటి దినమున ఆ వీధిలో ఎవ్వరో ఒకరు ఈ నాలుగు మాటలు చదివి యున్నచో ఆమె కడపటి నాలుగేండ్లు వేరుగా గడచియుండెడివి. మీ ఊరిలో గ్రంథాలయమున్నది. ఇక్కడ చదివినవారు చదువరాని పొరుగువారికి చెప్పుడు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొను నాటికి ఈ ఊరిలో సర్పి లేచిన ఏ ముసలమ్మయు పాము తల తోకను కలియునేమోనని ఎదురుచూచుచు మూడు దినములు పోగొట్టుకొనకుండునట్లు చేయుడని కోరుచున్నాను.